కొబ్బరి డొప్ప పడవలో ఒకడు తగ్గాడు

పిల్లలకు బైబిలు కథలు చెప్పే ఆదివారపు బడి పెడదామని టెక్కలి చుట్టుపక్కల రెండూళ్ళు తిరిగాను. రెండు చోట్లా మర్యాదగానే సాగనంపారు. ఇక చాలనుకుంటుండగా ఉద్దానం సముద్రపు ఒడ్డున జాలరిపేట నుంచి అప్పలమ్మ అనే పెద్దావిడ కబురంపింది. ఒకసారి వచ్చి పిల్లలకు కథ చెప్పమని, నచ్చితే తన వాకిలి ప్రతి ఆదివారం నాదేనని. నచ్చకపోతే ఇంకో ఊరు వెతుక్కునే ఓపిక నాకు లేదు. అటు వెళ్ళాలనుకునే తోటి ఉపాధ్యాయినుల కోసం ఇది రాస్తున్నాను.

తెల్లవారకముందే బండెక్కి నౌపడ చేరాను. ఉప్పు మడుల మీది గాలికి పెదవులు పగిలాయి. పలాసకు రైల్లో మూడో తరగతి టికెట్టు రెండణాలు, కూర్చునే చోటు మాత్రం లేదు. చంకలో తడి గోనెలో చుట్టిన చెరువు మట్టి. ఒడ్డున బొమ్మలకు పనికొచ్చే మట్టి దొరకదని మోసుకొచ్చాను. పలాసలో బండివాడు రూపాయి అడిగి పన్నెండణాలకు దిగాడు. కొబ్బరి తోటలు దాటగానే, "ఇసకలో ఎడ్లు నాగనేవమ్మా, దిగి నడువు" అన్నాడు. డబ్బిచ్చి మరీ నడిచాను.

మధ్యాహ్నానికి చేరేసరికి కాళ్ళు నావి కావు. అప్పలమ్మ గంజి పోసి ఎండుచేప కాల్చి పెట్టింది. ఆమె కొడుకులిద్దరూ, పేటలో మగాళ్ళందరూ చేపల వేటకు వెళ్ళారు. యేసుప్రభువు సముద్రం మీద తుఫానును ఆపిన కథ చెబుదామనుకున్నాను. పిల్లలు కొబ్బరి గెలను కప్పి ఉండి ఎండి రాలే డొప్పను పడవ చేద్దామని ఏరుకొచ్చారు. నా మట్టితో శిష్యులను చేశారు. పడవలో నిద్రపోయే యేసుప్రభువును అప్పలమ్మ మనవరాలు గౌరి చేసింది, తల కింద దిండు కూడా పెట్టింది. గోలెంలో నీళ్ళు పోసి పడవ వదిలాం. తుఫాను ఎలా లేచిందో చూపిద్దామని గోలేన్ని ఊపాను. ఒక శిష్యుడు నీళ్ళలో పడి కరిగిపోయాడు. పిల్లలెవరూ నవ్వలేదు.

అప్పలమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మావోలు ఏటలో ఉన్నారు. నువ్విక్కడ పడవ ముంచుతన్నావేటి?"

ప్రభువు లేచి గాలిని గద్దిస్తాడని, అంతా సద్దుమణుగుతుందని చెప్పబోయాను. వినలేదు. మగాళ్ళు వచ్చేదాకా ఆ నీళ్ళు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి ఒడ్డుకు పోయి కూర్చుంది. కథ తుఫాను దగ్గరే ఆగిపోయింది. బడి పోయినట్టేనని ఏడుపొచ్చింది. చేసేదేం లేక నేనూ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికి బడి సంగతి మరిచిపోయి ఆమెతో పాటు సముద్రాన్నే చూస్తూ ఉండిపోయాను.

పొద్దు వాలాక పడవలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆమె కొడుకుల పడవ అన్నిటికంటే ఆఖరు. ఇద్దరి ఒళ్ళూ తడిమి చూసుకుని, నేరుగా వాకిట్లోకొచ్చి గోలెంలోని డొప్పను ఇసక మీదకు లాగింది.

"ఇప్పుడు ఈ బాబుని లేపు. మిగతా కత సెప్పు" అంది.

చెప్పాను. పేటంతా విన్నది. అప్పలమ్మ బొమ్మలను ఒక్కొక్కటిగా దించి, లెక్క చూసి, మొహం చిన్నబుచ్చుకుంది.

"ఒకడు తగ్గాడు. వచ్చే ఆదివారం మట్టట్టుకురా. ఆడిని మల్లీ సేసీదాకా నాకు నిద్దర పట్టదు."

ఆ కథ ఎన్నేళ్ళుగానో చెబుతున్నాను. పడవలో ఉన్నవాళ్ళ భయమే చెప్పాను గాని, ఒడ్డున ఎదురుచూసేవాళ్ళు ఉంటారని ఎప్పుడూ తట్టలేదు. ఒళ్ళంతా నొప్పులతో వాళ్ళ అరుగు మీదే పడుకున్నాను. మీరు వెళితే ఒకటి గుర్తుంచుకోండి: వేటకెళ్ళిన పడవలన్నీ ఒడ్డెక్కాకే తుఫాను కథ మొదలుపెట్టండి, మట్టి మాత్రం ఒక మనిషికి సరిపడా ఎక్కువ తీసుకెళ్ళండి.