ఒక్కసారే వచ్చిందని సువార్తక్క చెప్పిన నొప్పి

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే ఆళ్లగడ్డ నుంచి ఫోన్. సువార్తక్క ఇక లేదన్నారు, గుండెపోటట.

ఏ సువార్త అని అడిగాను. మాకున్నది ఒక్కతే.

మా పెద్దమ్మ కూతురు. చర్చి బడిలో చదివి ఫిజిక్స్ ప్రొఫెసర్ అయింది. జీవితమంతా పేలిపోయిన నక్షత్రాల మీదే రీసెర్చ్.

పేలాక మిగిలే న్యూట్రాన్ స్టార్ సూర్యుడి కంటే బరువట. అంతా కలిపినా దాని వెడల్పు ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి దాకా కూడా ఉండదట. నేను నమ్మనంటే, "నీ నమ్మకంతో దానికేం పని రా" అనేది.

పీహెచ్‌డీ చేసేటప్పుడు ఒక నక్షత్రం సిగ్నల్ దొరికిందని అందరికీ చెప్పేసింది. పెద్దమ్మ చర్చిలో కృతజ్ఞత ప్రార్థన కూడా పెట్టించింది. తీరా చూస్తే అది పక్క బిల్డింగ్ జనరేటర్.

అప్పటి నుంచి అక్కకు ఒకటే రూల్. రెండోసారి కనపడేదాకా నోరు విప్పకూడదు. ఆ రూల్‌తోనే పేరు తెచ్చుకుంది.

మొన్న శనివారం, సెలవులకని ఊరికొచ్చిన అక్క నంద్యాలలో నా మందుల షాపుకొచ్చి గ్యాస్ టాబ్లెట్ అడిగింది. ఎడమ చెయ్యి రుద్దుకుంటోంది.

"ఈసీజీ తీపిద్దాం పా అక్కా" అన్నాను.

"ఒక్కసారే వచ్చింది లే. రెండోసారి వస్తే చూద్దాం. మాయమ్మకు చెప్పొద్దు, భయపడ్తాది."

నేను మందులమ్మేవాణ్ణి. నాకు తెలియాలి. అయినా టాబ్లెట్ ఇచ్చి బస్సెక్కించాను.

నిన్న ఆళ్లగడ్డ పోయేదాకా బస్సులో నాకు ఏడుపు కూడా రాలేదు. ఒట్టి భయం. పెద్దమ్మ ముఖం ఎట్లా చూడాలని.

అక్క శవపెట్టె పక్కనే పెద్దమ్మ కూర్చుని ఉంది. ఆమె ఏమీ అడగలేదు. నేనే కాళ్ల దగ్గర కూలబడి మొత్తం చెప్పేశాను.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అంతకు ముందు వారమే నాతోనూ అట్లే చెప్పింది నాయనా. ఒక్కసారే వచ్చిందిమా, తమ్మునికి చెప్పొద్దు, ఊరికే కంగారు పడ్తాడు అనింది."

అంటే నా షాపుకొచ్చేసరికే అది రెండోసారి.

అక్కకు ఆ సంగతి తెలుసు. తెలిసే నాతో అబద్ధం చెప్పింది. అన్ని నక్షత్రాలు పేలడం చూసిన మనిషికి కూడా భయమేసింది. నేనూ పెద్దమ్మా మాట నిలబెట్టుకుని ఆమెను పోగొట్టుకున్నాం.

నిన్నటి నుంచి నా గుండె చప్పుడు నాకే వినపడుతోంది. ఈ మధ్యాహ్నం అక్కకు మట్టి వేసి వచ్చి ఈసీజీ తీయించుకుంటాను.

మీ ఇంట్లో ఎవరైనా "చెప్పొద్దు" అంటే వినొద్దు. వెంటనే చెప్పేయండి.

పోయిరా అక్కా. ఇక నీకు ఏ భయమూ లేకుండా ఆ దేవుడు చూసుకోవాలి.