మేక ఆవైన వైనం

మా ముత్తాత నెల్లూరు సీమలో సముద్రపు ఒడ్డున ఒక చిన్న జమీకి దొర. చిన్నదే గాని దివాణం ఉండేది, పల్లకి ఉండేది, బందెలదొడ్డి ఉండేది. పరాయి చేలో మేసిన గొడ్డును తోలుకొచ్చి ఆ దొడ్లో కట్టేవారు. దాన్ని విడిపించుకోవాలంటే సొంతదారు మా ముత్తాత ముందు చెప్పులు విడిచి నిలబడాలి. మా తాత నాటికి దివాణం పోయి మర్యాద మిగిలింది. మేత తగాదాలన్నిటికీ ఆయనే తీర్పరి. ఊరి మేతబీడు మాదే. అందులో ఎవరి గొడ్డయినా మేయవచ్చు, ఎవరి బండీ పోకూడదు. ఆయన సొంత గుర్రబ్బండి కూడా బీడు చుట్టూ తిరిగే పోయేది. మా నాన్న నాటికి మర్యాద కూడా పోయి దాయాదులతో వ్యాజ్యాలు మిగిలాయి. ఆ వ్యాజ్యాలు ముగిసేసరికి బీడు రొయ్యల చెరువులుగా మారింది. నా వాటాకు వచ్చినదానితో నేను ఉమ్ అల్ క్వైన్‌లో ఒక పాత ఫైబర్ బోటు కొన్నాను.

ఇంత వంశానికి చివర ఒక ఫైబర్ బోటా అని మా బంధువులు నవ్వారట. నవ్వనివ్వండి. వాళ్ళకు అది కూడా లేదు.

కరోనా ఏడాది షార్జాలో నేను పనిచేసే కంపెనీ మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్, మొహం చూపించే ధైర్యం లేక, ఫోన్లో ఖలాస్ అన్నాడు. ఊరికి పోయి రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి నీళ్ళలో మా బీడును వెతుక్కోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఇక్కడే ఉండిపోయి బోటు కొన్నాను. కాగితాల మీద అది నాకు పూచీ నిలిచిన స్థానికుడిది, అంటే కఫీల్‌ది. ఎండలో నిలబడి కడిగేటప్పుడు నాది. నడిపేది మా జిల్లావాడే, రేవు పల్లె నుంచి వచ్చిన ముస్లిం, నా ఈడువాడు. నేను అతన్ని భాయి అంటాను, అతను నన్ను సామీ అంటాడు. ఆ సామీలో గౌరవం పాలెంతో ఎగతాళి పాలెంతో నేను ఎన్నడూ తేల్చుకోలేదు.

సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి నిలిచిన నీళ్ళను ఇక్కడ ఖోర్ అంటారు. మా పని సెలవు రోజుల్లో దుబాయ్ నుంచి వచ్చే తెలుగు కుటుంబాలను ఖోర్ అవతలి మడచెట్ల దిబ్బకు తీసుకుపోయి, ఫోటోలు దిగనిచ్చి, తిరిగి తీసుకురావడం. దారిలో లోతు లేని మెరక ఒకటి ఉంది, దాని అడుగున అంతా గడ్డి. మెరక మీదుగా పోతే తొందరగా చేరవచ్చు. లోతు కాలువ వెంబడి చుట్టి పోతే ఆలస్యం.

ఒక చలికాలం పొద్దున సర్కారు తరఫున ఒక స్థానికుడు, తెల్లటి కందూరా వేసుకున్న కుర్రవయసు అధికారి, రేవుకు వచ్చి బోట్లవాళ్ళందరినీ పిలిచాడు. ఆ గడ్డి మేయడానికి పిల్లతో సహా ఒక జంతువు వస్తోందని, మెరక మీద ఇంజిను వేగంగా నడిపితే పంకా దాని వీపు కోస్తుందని, దయచేసి కాలువ వెంబడి చుట్టి పొమ్మని చెప్పాడు. దాని ఇంగ్లీషు పేరు డ్యూగాంగ్. అమెరికా నీళ్ళలో ఉండే మనాటీకి దాయాది. దాయాదులే గాని వాటి మధ్య వ్యాజ్యాలున్నట్టు నేను వినలేదు. ఇవి అబూధాబీ వైపు ఎక్కువట, మా వైపు రావడం అరుదట. అరబ్బీలో అతను దాన్ని ‘బకర్ అల్ బహర్’ అన్నాడు. యల్లా, షుక్రాన్ అని కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సమయానికి మన తెలుగు సంఘం అధ్యక్షులవారు పిక్నిక్కు బోట్లు మాట్లాడుకోవడానికి వచ్చి రేవులోనే ఉన్నారు. హైదరాబాదు మనిషి, దుబాయ్‌లో పెద్ద ఆఫీసులో పెద్ద కుర్చీ. అరబ్బీ రాదు గాని, ఉర్దూ వచ్చినవాడికి అరబ్బీ రానట్టు కాదని నమ్మకం.

‘‘బకర్ అంటే బక్రా గదా. మేక. బహర్ అంటే సముద్రం. సముద్రపు మేక!’’ అని ఆయన అక్కడికక్కడే తేల్చేశారు.

సాయంత్రానికి సంఘం వాట్సాప్ గ్రూపులో ‘సముద్రపు మేకలను కాపాడుకుందాం’ అని పిలుపు వచ్చింది, కొమ్ముల మేక బొమ్మతో సహా. సముద్రం మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకు అంతవరకు తెలియదు. ఒకరు దాని మాంసం మెత్తగా ఉంటుందా అని అడిగారు. ఇంకొకరు, ఉప్పునీళ్ళలో పెరిగింది గనక బిర్యానీలో ఉప్పు తగ్గించాలన్నారు. కాపాడే సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు అధ్యక్షులవారు మళ్ళీ వచ్చినప్పుడు భాయి బోటు తాడు చుడుతూ అన్నాడు, ‘‘సార్, బకర్ అంటే అరబ్బీలో మేక కాదు సార్. ఆవు. సముద్రపు ఆవు.’’

అధ్యక్షులవారు చేతులు జోడించారు, నీళ్ళకు.

‘‘గోమాతనా!’’ అన్నారు. ‘‘జర ముందే చెప్పొద్దా భాయ్!’’

రాత్రికి రాత్రి గ్రూపులో మేక బొమ్మ మాయమై, పసుపు రాసిన ఆవు బొమ్మ వచ్చింది. బిర్యానీ ఉప్పు గురించి చెప్పినాయన అందరికంటే ముందు నమస్కారం పెట్టాడు. పిక్నిక్ పేరు ‘సముద్ర గోమాత దర్శనం’గా మారింది.

‘‘చూసినారా సామీ,’’ అన్నాడు భాయి. ‘‘మేకగా ఉన్నప్పుడు మసాలా అడిగినారు. ఆవు అయ్యేతలికి పసుపు కుంకమ తెస్తుండారు. అది మాత్రం అదే గడ్డి మేస్తా ఉండాది.’’

ఆ ఆదివారం మూడు బోట్ల నిండా భక్తులు దిగారు. పట్టు చీరలు, నల్ల కళ్ళద్దాలు, బ్యానరు, పూల దండలు, గెలలకు గెలలు అరటిపళ్ళు, అవన్నీ మోసుకొచ్చిన ప్లాస్టిక్ సంచులు, సంచులు తినకుండా గోమాతను కాపాడమని రాసిన అట్టలు. అధ్యక్షులవారు, వారి భార్య, సంఘం పెద్దలు నా బోటెక్కారు. మిగిలిన రెండు బోట్లు పక్క రేవు యజమానివి. అతనిది మలబారు, ఇంజిన్లు కొత్తవి, మాట తియ్యన. అధికారి మాట విన్నప్పుడు తల ఊపినవాళ్ళలో అతనే మొదటివాడు.

నేను భాయిని కాలువ వెంబడి, నిదానంగా పొమ్మన్నాను.

కొంత దూరం పోయాక అధ్యక్షులవారు గడియారం చూసుకున్నారు. ‘‘పెద్దసార్, ఇది బోటా, ఎడ్లబండా? అగో, వాళ్ళు చూడుండ్రి ఎట్ల పోతున్నరో.’’

నిజమే. ఆ రెండు బోట్లూ నీళ్ళు చిమ్ముకుంటూ నేరుగా మెరక వైపు తిరుగుతున్నాయి.

‘‘మనమూ సీదా పోదాం. దర్శనం చేసుకొని రెండింటికి హోటల్ల బఫే ఉన్నది. బంద్ చేస్తడు వాడు.’’

‘‘అది మేత జాగా,’’ అన్నాను. ‘‘మేత జాగాలో బండి తోలడం మా ఇంట్లో లేదు.’’

‘‘మీ ఇంట్ల సంగతి కాదు సార్. ఇది సముద్రం. మీ జమీ గాదు.’’

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మా తాత ముందు ఆ నవ్వు నవ్వినవాడు ఊళ్ళో తలెత్తుకు తిరగలేదు. ఇది మా ఊరు కాదు గనక నేను నిలబడ్డాను. కదిలే బోటులో నిటారుగా నిలబడటం నాకు వచ్చిన కొద్ది విద్యల్లో ఒకటి.

‘‘అయ్యా, గోమాత దర్శనానికి వచ్చారా, గోమాత వీపు మీద సవారీకి వచ్చారా?’’ అన్నాను. ‘‘గోశాలలోకి కారు తోలుకుపోతారా? పాలిచ్చే ఆవు, పాలు తాగే దూడ ఉన్నచోటికి తిరిగే కత్తులతో పోతారా? ఆ పంకా చూశారా ఎప్పుడైనా? మా ముత్తాత పల్లకి కూడా ఆవు ఎదురైతే దించేవారు.’’

పల్లకి దించే సంగతి నేను అప్పుడే కల్పించాను. మిగిలినదంతా నిజం.

అధ్యక్షులవారి కంటే ముందు వారి భార్య కదిలారు. ‘‘ఏమండీ, పాపం చుట్టుకుంటది. వాళ్ళకు ఫోన్ చెయ్యండి, ఆపమనండి,’’ అన్నారు. అన్నదే తడవు చెప్పులు విప్పి పక్కన పెట్టారు. ఆమె విప్పాక మిగిలినవాళ్ళు విప్పకుండా ఉండలేకపోయారు. బోటు నిండా ఖరీదైన చెప్పులు, వాటి మధ్య సంఘం పెద్దలు ఉత్తికాళ్ళతో. మా బందెలదొడ్డి ముందు దృశ్యం నేను పుట్టకముందే పోయింది. ఉమ్ అల్ క్వైన్‌లో చూశాను.

ఫోన్లు వెళ్ళాయి. అవతలి బోట్లలో భార్యలు భర్తల మీద, భర్తలు డ్రైవర్ల మీద అరిచారు. మెరక అంచున ఆ బోట్లు ఆగాయి. భాయి కాలువలోనే ఇంజిను ఆపేశాడు. నీళ్ళు నిలిచాయి. అరటిపళ్ళు విసరబోయినాయన చేతిని ఆయన భార్యే పట్టుకుంది.

అది లేచింది. ముందు రెండు ముక్కు రంధ్రాలు, బుస్సుమని ఒక శ్వాస, తర్వాత బూడిద రంగు వీపు, తడిసిన గోనెసంచిలాగా. వీపు మీద వరసగా తెల్లటి గాట్లు, పాతవి. పక్కనే చిన్న సంచి ఒకటి తేలి, తల్లి పక్క నుంచే మునిగింది.

‘‘గిదేనా?’’ అన్నారు అధ్యక్షులవారు. ‘‘కొమ్ములేవి?’’

‘‘గంట కూడా కట్టలేదు సార్,’’ అన్నాడు భాయి. ‘‘మరిచిపోయినట్టుండారు.’’

ఫోటోల్లో ఎవరికీ అది పడలేదు. నీళ్ళే పడ్డాయి. ఆ నీళ్ళకు బొట్టు పెట్టి గ్రూపులో పెట్టుకున్నారు. బఫే బంద్ అయింది.

దూడతో పాటు తల్లి ఆ రోజు బతికింది. నా బోటు బతకలేదు. వారం తిరక్కుండానే గ్రూపులో నా బోటు పేరు ఎడ్లబండి అయింది. గోమాత భక్తులు మరుసటి వారం నుంచి మలబారు అతని బోట్లెక్కారు, అతను మెరక మీదుగా తొందరగా చేర్చి, మడచెట్ల దగ్గర ఎక్కువసేపు ఆపుతాడని. సముద్రపు ఆవును కాపాడినందుకు సంఘం వార్షికోత్సవంలో అధ్యక్షులవారికి శాలువా కప్పారు. నన్ను పిలిచారు, మూడో వరసలో కుర్చీ వేశారు. నేను పోలేదు.

‘‘మనమూ అడ్డంగా పోదాం సామీ, ఒక్క సీజను,’’ అన్నాడు భాయి ఒకసారి. ‘‘నాకూ ఇంట్లో పెండ్లాం బిడ్డలుండారు.’’

‘‘పోను.’’

‘‘తెలుసులే. అడిగి చూసినా, అంతే.’’

అతను ఇంకో సీజను నాతోనే ఉన్నాడు. తర్వాత రాస్ అల్ ఖైమాలో చేపల బోటుకు పోయాడు. నడిపేవాడు లేక బోటు ఎలాగూ మూలపడుతుంది, ఇంజినైనా అమ్ముకోమని, పోయే ముందు మలబారు అతన్ని నా దగ్గరికి వెంటబెట్టుకొచ్చాడు. ఆ మలబారు మనిషి నా ఇంజిను చుట్టూ తిరిగి చూసి, మంచి ధర చెప్పి, ‘‘మీకెందుకు సార్ ఇంక, నా మూడో బోటుకు పెట్టుకుంటాను,’’ అన్నాడు హిందీలో. ఆ మూడో బోటు ఏ దారిన పోతుందో నాకు తెలుసు. ఇవ్వనన్నాను.

‘‘పిచ్చా సామీ మీకు?’’ అన్నాడు భాయి.

ఇంజినును షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, పాతవాటిని విప్పి సామాను అమ్ముకునే ఒక వర్క్‌షాపుకు తీసుకుపోయాను. నా ఎదుటే విప్పించాను. పంకాతో సహా విడి సామాను కింద, తక్కువకు అమ్మాను.