కబురుకు ముందే కోసిన వెదురు

పోయినవి ముందు లెక్కపెడతాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

గోడలో ఒక కిటికీ పోయింది. రెండు దుకాణాల మధ్య గోడ అది, చాయ్ గ్లాసు పట్టేంత కిటికీ. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున పదహారేళ్ల చాయ్‌లు పోయాయి. పదకొండు వేల ఆరు వందల ఎనభై. లీపు సంవత్సరాలు కలిపితే ఇంకో ఎనిమిది. మా బాపును "అరే లింగం" అని పిలిచే ఒకే ఒక్క గొంతు పోయింది. చివరికి బాపు పాడె కింద ఉండాల్సిన ఒక భుజం పోయింది.

ఇవన్నీ నా వల్ల పోయాయి. ఈ సంగతి నాతోపాటు తెలిసినవాడు బాపు ఒక్కడే. ఆయన పోయి ఆరేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఈ బరువు నా మీద ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మట్టెవాడలో మాది అంతిమయాత్ర సామాన్ల దుకాణం. తాత పెట్టాడు, బాపు నడిపాడు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. వెదురు, కుండలు, తెల్లబట్ట, గులాల్. ఈమధ్య ఫ్రీజర్ బాక్సు, వ్యాను కూడా పెట్టాను. మా దుకాణానికి వచ్చినవాళ్లను మేం "రండి" అనం. వెళ్లేవాళ్లు "పోయొస్తా" అనరు. బేరం ఆడరు, మేమూ ఎక్కువ చెప్పం. ఎవరింట్లో కష్టం వచ్చినా మొదట మా తలుపే తడతారు. అదే ఇంట్లో పెళ్లయితే కార్డు పంపుతారు కానీ, మేం రాకపోతే మనసులో సంతోషిస్తారు. అది మాకు తెలుసు. బాపు ఎప్పుడూ పెళ్లి పందిరి బయటి నుంచే కవరు ఇచ్చి వచ్చేసేవాడు.

ఒక్క వీరేశం కాక ఇంట్లో తప్ప.

కాకది పక్కనే గాజుల దుకాణం. చావు సామాన్ల పక్కన పెళ్లి గాజులేమిటని గిరాకీలు ముఖం చిట్లిస్తే, "మీ తాతకు పాడె యాడికెల్లి వచ్చింది మల్ల? ఆడికెల్లే గద!" అని నవ్వేవాడు. కూతురి పెళ్లికి బాపును చెయ్యి పట్టి లాక్కెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాడు. మొదటి అక్షింతలు ఆయనతోనే వేయించాడు. ఆ రోజు ఇంటికి వచ్చాక బాపు చాలాసేపు చొక్కా విప్పలేదు. అట్లాగే అరుగు మీద కూర్చున్నాడు.

కాక ఆరడుగుల మూడంగుళాల మనిషి. కిటికీలోంచి చాయ్ గ్లాసు అందిస్తూ, "లింగం, నాకు మంచి పొడుగు బొంగులు దాచి పెట్టురా. పొట్టియి తెచ్చినవనుకో, కాళ్లు బయటికొస్తయి, కుక్కలు పీకుతయి" అని రోజూ ఎగతాళి చేసేవాడు. బాపు నవ్వేవాడు. నేను నవ్వలేదు. మనిషి పొడవుకు అటు మూర, ఇటు మూర కలిపి లెక్క కట్టుకున్నాను.

నేను ఏడో తరగతి దగ్గరే ఆగిపోయాను. కానీ కాగితం లేకుండా కూడేవాణ్ని. చలికాలం ఎన్ని కుండలు కావాలో, ఎండలు ముదిరితే ఎంత బట్ట తేవాలో ముందే చెప్పేవాణ్ని. చాలాసార్లు సరిగ్గా సరిపోయేది. ఇంకా ఒప్పుకోవాలంటే, ఫలానా పెద్దమనిషి ఈ వారం దాటడని కూడా మనసులో లెక్క వేసేవాణ్ని. అదీ సరిపోయేది. సరిపోయిన రోజు నాలో ఏదో పొంగేది. అది ఏమిటో నన్ను నేను అడగలేదు.

బాపుకు ఒక నియమం ఉండేది. కుండలు ఎన్నైనా తెచ్చి పెట్టుకోవచ్చు. వెదురు మాత్రం ఆ ఇంటివాళ్లు వచ్చి నోటితో చెప్పేదాకా కోయకూడదు. ఊరంతా తెలిసినా సరే, డాక్టర్లు చేతులెత్తేసినా సరే. గోడకు ఆనించిన పూర్తి వెదురు మా సరుకు, కోసి బద్దలు కట్టిన వెదురు ఒక మనిషిది. ఈ మాట చిన్నప్పటి నుంచి విన్నాను. విన్నంత మాత్రాన నాటుకుంటుందా?

కాకకు ఊపిరి ఆడక పెద్ద దవాఖానలో వేశారు. బాపు రెండు రోజులు అక్కడే ఉన్నాడు. దుకాణంలో నేనొక్కణ్నే. రెండో రోజు సాయంత్రం కాక కొడుకు శ్రీను దుకాణం ముందు బండి ఆపి, రాత్రి దాటడం కష్టమన్నారని చెప్పి, ఏడ్చుకుంటూ వాళ్ల అమ్మను తీసుకొచ్చేందుకు పోయాడు. అంతే చెప్పాడు. కోయమని అనలేదు.

మా దగ్గర అంత పొడుగు వెదుళ్లు రెండే ఉన్నాయి. వర్ధన్నపేట నుంచి వచ్చినవాళ్లు కొంచెం ముందే వాటినే అడిగి, చివరికి వేరేవి తీసుకుపోయారు. కాకకు పొట్టివి వస్తాయేమోనని భయపడ్డాను. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే. కానీ ఆ రెండూ లోపల పక్కన పెడితే సరిపోయేది కదా? కోయడం ఎందుకు? కోసి, అడ్డబద్దలు కట్టి, తాళ్లు బిగించడం ఎందుకు?

నా లెక్క మీద నాకున్న నమ్మకం. ఇంకే కారణమూ లేదు.

తెల్లారి బాపు శ్రీను బండి మీద వచ్చాడు. రెండు రోజుల గడ్డం, ముఖం వెలిగిపోతోంది. "కండ్లు తెరిసిండురా! ఇడ్లీ గావాలంటుండు, అల్లం చట్నీతోని గావాల్నట!" అన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా కష్టమైనది. ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది సంతోషం కాదు. లెక్క తప్పిందే అనిపించింది. ఒక్క క్షణమే. వెనకే సంతోషం వచ్చింది, నిజంగానే వచ్చింది. కానీ ముందు వచ్చింది అది. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి బతికాడంటే, నాకు ముందు నా లెక్క గుర్తొచ్చింది. వెదురు కోయడం తప్పా, ఆ క్షణం తప్పా? రెండోదేనని నా అనుమానం. మొదటిది మాత్రమే జరిగి ఉంటే ఎప్పుడో చెప్పేసేవాణ్నేమో.

శ్రీను కాళ్లు కడుక్కోవడానికి దుకాణం వెనకవైపుకు పోయాడు. అక్కడ గోడకు ఆనించి ఉంది పాడె. మా దగ్గర అంత పొడుగుది ఇంకెవరి కోసం కడతారు? వాడు చూశాడు. వెనకే వచ్చిన బాపూ చూశాడు. శ్రీను కాళ్లు కడుక్కోకుండానే బండెక్కి వెళ్లిపోయాడు. బాపే దవాఖాన నుంచి ఫోన్ చేసి కట్టించాడని అనుకున్నాడు. బాపు నన్ను తిట్టలేదు. తాళ్లు విప్పి, రంపం తెచ్చుకుని, రెండు బొంగుల కొసలూ చెరొక అడుగు కోసి మామూలు కొలతకు తెచ్చాడు. ఆ తర్వాత పదిహేను రోజులు ఆ ఊసే ఎత్తలేదు. నేనే నోరు విప్పుతానని ఎదురుచూశాడని ఇప్పుడు అర్థమవుతోంది.

పదిహేనో రోజు కాక కర్ర పట్టుకుని వచ్చాడు. కిటికీ దగ్గరికి కాదు, ముందు నుంచి, గిరాకీలా వచ్చాడు.

"లింగం, దవాఖానల నా కాళ్లకాడ కూసున్నది నా కొలత కోసమారా?"

బాపు లేచి నిలబడ్డాడు. "ముందుగాల కూసో వీరేశం. ఆయాసపడుతున్నవు."

"కూసునుడు తర్వాత. కోసింది ఎవలు?"

నేను మూలన కుండలు లెక్కపెడుతున్నాను. లెక్క ఆపలేదు, తల ఎత్తలేదు. బాపు నా వైపు చూశాడని తెలుసు. ఎంతసేపు చూశాడో తెలియదు. నేను లెక్కపెట్టనిది అదొక్కటే.

"నేనే కోసిన" అన్నాడు బాపు.

కాక చిన్నగా నవ్వాడు. "మంచిగ కోసినవు. ఇంకో పూట ఆగితే నీ గిరాకీ యాడికి పోతుండె? ఇగ ఫికర్ పడకు. నా సావుకు వేరే దుకాణం సూసుకుంట."

ఆ వారమే కిటికీకి ఇటుకలు పడ్డాయి. కాక తన దుకాణం తలుపు అవతలి గల్లీ వైపు తిప్పుకున్నాడు. పదహారేళ్లు బాపు పొద్దున్నే ఆ ఇటుకల పక్కనే కూర్చుని చాయ్ తాగాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో! బాపు పోయిన రోజు పాడె గల్లీ మలుపుకు రాగానే కాక దుకాణం షట్టరు దించాడు. చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడ్డాడు. ముందుకు రాలేదు. కాక పట్టాల్సిన కుడి వైపు భుజం పట్టింది మా వ్యాను డ్రైవరు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా అంటారు. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? చేయని తప్పుకు స్నేహితుణ్ని దూరం పెట్టానని, అతని పాడె మోయలేదని, ఎనభై దాటిన వయసులో కాకకు తెలుస్తుంది. నా బరువు దించి ఆయన మీద పెట్టినట్టే అవుతుంది. ఇది ఆయన మీద జాలి అని చాలాకాలం నమ్మాను. జాలి అయితే చెప్పాలనుకున్నప్పుడల్లా నాకు చెమటలు ఎందుకు పడతాయి?

పోయిన వారం మధ్యాహ్నం కాక మా దుకాణం ముందు ఆగాడు. వీపు బాగా వంగింది. ఆరడుగుల లోపుకు వచ్చేశాడు. చూడండి, నా కళ్లు ఇప్పటికీ కొలుస్తూనే ఉన్నాయి. లోపలికి తొంగి చూసి, "చాయ్ తాగినవారా?" అన్నాడు. ఇరవై రెండేళ్లలో నాతో అన్న మొదటి మాట.

తాగలేదు. కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, చెప్పేయొచ్చు.

"తాగిన కాకా" అన్నాను.

ఆయన తల ఊపి మెల్లగా వెళ్లిపోయాడు. మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయాను.

అందుకే ఇది రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాశాక మాత్రం ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. అంతకంటే ఏమీ మారలేదు. కాక గల్లీ అవతలే ఉన్నాడు, దుకాణం తెరిచే ఉంది, నేను ఇక్కడే కూర్చుని ఉన్నాను. నా బదులు ఆ రోజు బాపు పలికినవి నేను ఇంకా కాకకు చెల్లించలేదు.

బాకీ, ఈ రోజు వరకు: రెండు మాటలు.