అమ్మ చేతికి బరువు కాని డ్రిల్లు

ఎనభైలలో నేను తిరుపతిలో చదువుకునేవాణ్ణి. గుండె జబ్బుతో ఉన్న నాయన, ఇంటి పనులకు చేత్తో తిప్పే డ్రిల్లు కొనాలని నాతో పాటు అమ్మను కూడా అక్కడి హార్డ్‌వేర్ అంగడికి తీసుకొచ్చాడు. ఒక్కొక్కటీ ఆమెకిచ్చి, "పైకెత్తి తిప్పి సూడు" అన్నాడు. అందరూ చూస్తుంటే అమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది.

"గోడకు బొక్కలేసేది నువ్వాన్నా, మా వదినా?" అని అంగడాయన నవ్వాడు. నేనూ నవ్వాను.

"ఆమె చేతికి బరువు కాకుంటే సాలప్పా" అని నాయన చవకైనదీ, తేలికైనదీ ఏరుకున్నాడు.

కొన్నాళ్లకే ఆయన పోయాడు. నాయన పటం తగిలించడానికి నేను డ్రిల్లు తీసుకోబోతే అమ్మ ఇవ్వలేదు. తనే స్టూలెక్కి గోడకు బొక్క వేసింది.

"అన్నీ నేర్పిచ్చే పోయినాడురా" అంది.

ఆ రోజు అంగట్లో నేను నవ్వకుండా ఉండాల్సింది.