ప్యో మాస్టారు నమ్మరు

‘తెలుసు’ అన్న మాట ఎవరి నోట విన్నా ప్యో గిల్‌సు మాస్టారు నమ్మరు. సియోల్‌లోని సిన్‌చోన్ వీధిలో, ఒక శిక్షణ కేంద్రం మూడో అంతస్తులో ఇరవై ఏళ్లుగా ఆయన ఇంగ్లీషు మాటలు నేర్పుతున్నారని కింద బోర్డు చెబుతుంది. నిజానికి ఆయన చేసేది నేరపరిశోధన.

అక్కడి పిల్లలంతా చిన్న కాలేజీల్లో రెండేళ్లు చదివి, పెద్ద విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదికి మారాలని వచ్చినవాళ్లు. ఆ ప్రవేశపరీక్షలో అడిగే మాటల్ని ఇంగ్లీషువాళ్లు కూడా జన్మలో ఒకసారికి మించి వాడి ఉండరు. గున్సాన్ అనే ఊరి నుంచి వచ్చిన ఓక్ దరిమ్ వాటిని పళ్లు తోముకుంటూ, మెట్లెక్కుతూ, చివరికి తుమ్ముల మధ్య కూడా వల్లె వేసేది. అయినా మొదటి రోజే దొరికిపోయింది.

“ట్యాసిటర్న్ అంటే?” అన్నారు మాస్టారు.

“తెలుసు మాస్టారూ. మితభాషి.”

“మీ బంధువుల్లో ఎవరున్నారు అలాగ?”

దరిమ్ కాసేపు ఆలోచించింది. “మా చిన్నమామయ్య. తన పెళ్లిలో కూడా నోరు విప్పలేదు.”

“ఎందుకని?”

“అప్పుడే పళ్లు కట్టించుకున్నాడండి.”

“అది పంటినొప్పి. కూర్చో.”

ఇన్‌క్రెడిబుల్ అంటే నమ్మశక్యం కానిది, ఇన్‌క్రెడ్యులస్ అంటే దేన్నీ నమ్మనివాడు. ఊరంతా ఈ రెండింటినీ తారుమారు చేసేది. ఆయన తరగతిలో మాత్రం ఎవరూ తప్పేవారు కాదు. రెండో మాట రాగానే అందరూ తలెత్తి ఆయన మొహం వంక ఒక్కసారి చూసి జవాబు రాసేసేవారు. తల ఎందుకు ఎత్తారో అని ఆయనకు మళ్లీ అనుమానం.

అనుమానం మాటలతో ఆగేది కాదు. లిఫ్టులో పదముగ్గురు పడతారని రాసి ఉంటే, ఎవరు ఎక్కి చూశారని అడిగి మెట్ల మీద నడిచేవారు. ఒకసారి దరిమ్ జ్వరమని రానందుకు, ఆమె పక్కగదిలో ఉండే తోటి విద్యార్థిని మేంగ్ సోహ్వాను వెంటబెట్టుకుని అద్దెగది గుమ్మం దాకా వచ్చారు. థర్మామీటరు సెల్సియస్‌లో ముప్ఫై తొమ్మిది చూపించింది. ఆయన దాన్ని తుడిచి తన చంకలో పెట్టుకున్నారు. ముప్ఫై ఆరున్నర చూపించాకే, పరికరం మంచిదేనని ఒప్పుకుని వెళ్లిపోయారు.

దరిమ్‌కు ఒళ్లు మండిపోయింది. ఈయన తప్పకుండా శిక్షణ కేంద్రం యజమాని మనిషేననీ, ఎవరు మానేసేలా ఉన్నారో పసిగట్టి పైకి చేరవేస్తున్నాడనీ సోహ్వాతో అంది. సోహ్వా ఆమెకంటే పెద్దది, నెమ్మదస్తురాలు. ఆమె కూడా కాదనలేదు. ఆ రోజు నుంచి దరిమ్ కూడా ఆయన్ని ఓ కంట కనిపెట్టడం మొదలుపెట్టింది. తరగతిలో ఆయన ఆమెను అనుమానంగా చూసేవారు, ఆమె ఆయన్ని అనుమానంగా చూసేది. మధ్యలో కూర్చున్న సోహ్వాకు ఇద్దరి చూపులూ తగిలి మెడ పట్టేసేది.

చలికాలం వచ్చింది. పరీక్షలు రాసిన విశ్వవిద్యాలయాలన్నీ వరసగా దరిమ్‌ను కాదన్నాయి. ఇక ఒక్కటే మిగిలింది. ఆ పరీక్ష రోజు ఉదయం సోహ్వా ముందే వెళ్లిపోయింది. దరిమ్ కోటు తొడుక్కుంది, బూట్లు కట్టుకుంది, మంచం అంచున కూర్చుంది. లేవలేకపోయింది. ఇదీ పోతే అమ్మకు ఏ మొహంతో చెప్పాలన్న ఆలోచన ఆమె కాళ్లు కట్టేసింది. అసలు వెళ్లకపోతే తప్పానని ఎవరూ అనలేరు కదా అనిపించింది.

ఫోను మోగింది. మాస్టారు.

“ఎక్కడున్నావ్?”

“మెట్రోలో ఉన్నానండి. వచ్చేస్తున్నా.”

“రైలు చప్పుడేదీ?”

దరిమ్ కిటికీ రెక్కను గడగడలాడించింది. తర్వాతి స్టేషను పేరు వినిపించమన్నారాయన. ఆమె ఫోను కాస్త దూరం పెట్టి, ముక్కు పట్టుకుని గొంతు సన్నంగా చేసి, స్టేషను పేరు, తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయన్న ముక్కతో సహా చెప్పింది.

ఆయన “బాగా చెప్పావు,” అని పెట్టేశారు.

కొద్దిసేపట్లో గుమ్మం బయట రొప్పు వినబడింది.

“తలుపు తియ్యమ్మా. లోపలున్నావని నాకు తెలుసు.”

ఆయన నోట ఆ మాట ఆమె వినడం అదే మొదటిసారి. ఏడాదిగా అబ్బిన అలవాటుతో, “ఎలా తెలుసు మాస్టారూ?” అని అడిగేసింది.

“నా పరీక్షకి నేనూ ఇలాగే బూట్లేసుకుని మంచం మీద కూర్చున్నాను. వాడికేం, వెళ్తాడులే, అన్నీ వచ్చు అనుకున్నారు అందరూ. ఒక్కడూ అనుమానపడలేదు.”

దరిమ్ తలుపు తీసింది.

టాక్సీలో ఆయన డ్రైవరును మాత్రమే సతాయించారు. దగ్గరి దారి తెలుసని డ్రైవరన్నందుకు, ఎవరు కొలిచారని అడిగారు. దరిమ్‌ను ఒక్క మాటా అడగలేదు. చివరికి ఆమే ఉండబట్టలేక, “ఏదైనా అడగండి మాస్టారూ,” అంది.

“అక్కర్లేదు. నీకు వచ్చు.”

“మీరెలా చెప్పగలరు?”

“ఏడాదిగా నమ్మకుండా చూసింది నేనేగా.”

విశ్వవిద్యాలయం కాపలాదారు గేటు మూసేస్తుండగా ఆమె లోపలికి దూరింది. పరీక్ష ఉన్న ప్రతి ఉదయం మాస్టారు గేటు దగ్గర నిలబడి తన పిల్లల తలలు లెక్కపెట్టుకుంటారనీ, మాస్టారే తరగతులు ఎగ్గొడుతున్నారని యజమాని అందుకే సణుగుతుంటాడనీ సోహ్వా ఆ తర్వాత ఎక్కడో విని వచ్చి చెప్పింది.

ఫిబ్రవరిలో సీటొచ్చింది. దరిమ్ పరుగున వెళ్లి ఫోను చూపించింది. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు, ఇదే పేరుతో ఇంకో ఓక్ దరిమ్ ఉందేమో అని పుట్టినతేదీ అడిగారు. ఇక అనుమానించడానికేమీ దొరక్క కాసేపు తికమకపడ్డారు.

“భోంచేశావా?” అన్నారు చివరికి.

సోహ్వాతో కలిసి అప్పుడే కడుపునిండా తిని వచ్చింది దరిమ్. కానీ ఆయనతో కలిసి ఒక్కపూట తినాలనిపించింది.

“లేదు మాస్టారూ. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.”

ఆయన ముందుకు వంగి తేరిపార చూశారు. “పంటి మీద మిరపపొడి ఉంది,” అని, ఎదురు హోటల్‌కు ఫోన్ చేసి రెండు గిన్నెల వేడి సూపు, అన్నం పంపమన్నారు. ఘాటుగా ఉంటుందా అని అడిగి, ఉంటుందన్నాక, నిజంగానా అని ఇంకోసారి అడిగారు.