జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు

పోయిన వారం మా ఆఫీసులో కొత్తగా చేరిన గాజులరామారం అమ్మాయి రాసిన ఒక చిన్న ప్రోగ్రాం నా దగ్గరికి తనిఖీకి వచ్చింది. రాసిన అనకూడదేమో, ఇప్పుడెవరూ రాయడం లేదు, ఏం కావాలో చెబితే కృత్రిమ మేధ రాసి పెడుతోంది, పిల్లలు పైపైన చూసి పంపిస్తున్నారు. శామీర్‌పేట వైపు అపార్టుమెంట్లు కడుతున్న ఒక బిల్డరు తన దగ్గర పనిచేసే కూలీల వివరాలు నమోదు చేసుకోవడానికి అడిగిన ప్రోగ్రాం అది. మేడ్చల్లో మా ఇంటి మేడమీది గదిలో, పక్కన టీ చల్లారుతుండగా, తీరిగ్గా చదువుకుంటూ పోతున్నవాణ్ణి ఒకచోట ఆగిపోయాను. పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంటే దానంతటదే జనవరి ఒకటి అని నింపుకోవాలని, పక్కన ఏదో ఒక సంవత్సరం కూడా వేసి, ఎంతో పొందికగా రాసి ఉంది.

మనం ఇన్నేళ్ళుగా రాసి పారేసిందంతా చదివి ఆ యంత్రం ప్రోగ్రాములు రాయడం నేర్చుకుందంటారు. అంటే నాలాంటివాళ్ళు ఎందరో ఈ పని చేసి ఉండాలి. కానీ ఆ ఒక్క వాక్యం చూడగానే నాకు మాత్రం, ఎప్పుడో నేనే రాసి దాచిపెట్టిన కాగితాన్ని ఎవరో తీసుకొచ్చి నా ఎదుటే విప్పినట్టనిపించింది.

నా తోటివాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మనం ఈ పనిలోకి వచ్చిన కొత్తలో కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్ళేవాళ్ళం. నేను సికింద్రాబాద్‌లో ఒక చిన్న సంస్థలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, పని దొరక్క ఆరు నెలలు తిరిగి తిరిగి, చివరికి జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో చేరాను. చేర్పించింది మా మేనమామ. ఆయన అక్కడ బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. మేనేజరుగారి గది ముందు రెండు రోజులు నిలబడి, మా అల్లుడు కంప్యూటర్ చదివిండు సార్, ఒక్కసారి చూడున్రి అని బతిమాలి పెట్టించిన ఉద్యోగం అది. అప్పట్లో నేను మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో ఉన్న అమ్మమ్మ ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఉదయం మామా నేనూ ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. సీటు దొరికితే తను నిలబడి నన్ను కూర్చోబెట్టేవాడు, మెదడుతో పనిచేసేవాడు అలిసిపోకూడదని ఆయన నమ్మకం.

నాకప్పగించిన మొదటి పని పనివాళ్ళ రిజిస్టరును కంప్యూటర్లోకి ఎక్కించడం. టైమాఫీసు కిటికీ దగ్గర నేనొక బల్ల వేసుకుని కూర్చుంటే ఒక్కొక్కరే వచ్చి పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ చెప్పాలి. మొదటి మూడూ బాగానే సాగేవి. నాలుగోదానికి వచ్చేసరికి ఒకాయన చెరువు అలుగు దుంకిన ఏడంటాడు, ఇంకొకాయన మా అన్న లగ్గమైన సాలంటాడు, యాప్రాల్ నుంచి వచ్చే ఒక తాత నవ్వేసి నువ్వే ఏదో ఒకటి రాసుకో బేటా అంటాడు. నా ప్రోగ్రాం మాత్రం రోజు, నెల, సంవత్సరం మూడూ పడితే తప్ప ముందుకు కదలదు. తయారు చేసేటప్పుడు పరీక్ష కోసమని, ఆ గడి ఖాళీగా వదిలితే జనవరి ఒకటి అనీ, చేతికొచ్చిన ఒక సంవత్సరం అనీ పడేలా ఒక వాక్యం రాసుకున్నాను. తర్వాత తీసేద్దాంలే అనుకున్నాను. మన పనిలో ఈ తర్వాత అనే మాట నమ్మి ఎన్ని కొంపలు మునిగాయో మనందరికీ తెలుసు.

మామ వంతు వచ్చింది. కిటికీలోంచి నన్ను చూసి, కొత్తపెళ్ళికొడుకును చూసినట్టు మురిసిపోయాడు. పుట్టిన తేదీ అడిగితే, "నాకేమెర్కరా? పొద్దుమీకి ఇంటికి వోయినంక మీ అమ్మమ్మనడుగు, గామెకు అన్నీ యాదికుంటయి, అడిగి మంచిగ రాసుకో" అన్నాడు. సరే మామా అని గడి ఖాళీగా వదిలి తర్వాతి మనిషిని పిలిచాను.

అమ్మమ్మకు నిజంగానే అన్నీ గుర్తుండేవి. మామ పుట్టుక గురించి ఆమె చెప్పగా చిన్నప్పుడు నేను నూరుసార్లు విని ఉంటాను. వానాకాలం నాట్లు వేస్తుండగా నొప్పులొచ్చాయనీ, బురద కాళ్ళతోనే ఇంటికి పరుగెత్తించారనీ, బోనాలకు ఇన్ని రోజుల ముందో వెనకో అనీ వేళ్ళు మడిచి మరీ చెప్పేది. ఆ సాయంత్రం అన్నం పెడుతూ ఎదురుగానే కూర్చుంది, ఫ్యాక్టరీలో ఏం చేశావురా అని అడిగింది కూడా. ఒక్క మాట అడిగితే సరిపోయేది. నేను అడగలేదు. సోమవారం యజమాని వచ్చి చూస్తాడట, అప్పటికి తెర మీద అంకెలు గడుల్లో బారుగా నిలబడాలి, నా బుర్రంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

సోమవారం అంతా బ్రహ్మాండంగా జరిగింది. ఒక్క గడి ఖాళీ లేకుండా నిండిన తెరను చూసి యజమాని నా భుజం తట్టాడు. మామ ఆ రోజు బాయిలర్ దగ్గర అందరికీ జిలేబీ పంచాడట. తేదీ చెప్పలేని ముప్పై మందికి పైగా పనివాళ్ళు, మామతో సహా, అందరూ ఒకే జనవరి ఒకటిన, ఒకే సంవత్సరంలో పుట్టేశారు. మా అమ్మకంటే నాలుగేళ్ళు చిన్నవాడైన మామ నా ప్రోగ్రాం దయవల్ల ఆమెకంటే రెండేళ్ళు పెద్దవాడయ్యాడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. దిద్దుదామనే అనుకున్నాను. ఈలోగా జీతాల ప్రోగ్రాం మీద పడింది, తర్వాత స్టోర్సుది, తర్వాత నగరంలో పెద్ద కంపెనీ నుంచి పిలుపొచ్చింది.

ఆ రోజుల హడావిడి మనం మరిచిపోగలిగిందా? శతాబ్దం మారితే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని ప్రపంచమంతా గగ్గోలు పెట్టిన రోజులు. అమీర్‌పేట కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల మెట్ల మీద కుర్రాళ్ళు బారులు తీరేవాళ్ళు, నాలుగక్షరాల కోబాల్ వచ్చినవాడు కాలరెగరేసుకుని తిరిగేవాడు. నేనూ తిరిగాను. పరాయి దేశాల బ్యాంకుల ప్రోగ్రాముల్లో తప్పుడు తేదీలు ఏరిపారేయడమే నా కొత్త ఉద్యోగం. పొద్దున లేస్తే అదే పని చేస్తూ, జీడిమెట్లలో నేనే పాతిపెట్టి వచ్చిన తేదీ ఒకటుందన్న సంగతి ఒక్కసారి కూడా తలచుకోలేదంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ పనిలో నేను తలమునకలై ఉండగానే, ఒక కొత్త సంవత్సరం మొదటి వారంలో మామ మా ఆఫీసుకు వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో మడతపెట్టిన కాగితంతో కింద గేటు దగ్గర నిలబడ్డాడు. వయసు యాభై ఎనిమిది నిండింది కాబట్టి పదవీ విరమణ అని ఫ్యాక్టరీ ఇచ్చిన కాగితం అది. ఆయనకు అప్పటికి నిండా యాభై రెండేళ్ళు. ముప్పై మందికీ ఇలాంటి కాగితాలే ఒకే రోజు వచ్చాయట. అందరూ కలిసి యజమాని దగ్గరికి పోయి కొట్లాడదామని లేస్తే మామే ఆపాడట, మా అల్లుడు రాసిందే గదా, వాడినడిగి వస్తా, వాడు ఉన్నదున్నట్టు చెప్తడని.

"కంప్యూటర్ల ఏమన్న తప్పు పడ్డదా అల్లుడా? జర యాదికి తెచ్చుకో" అన్నాడు.

నాకు అన్నీ క్షణంలో యాదికొచ్చాయి. కిటికీ, అమ్మమ్మనడుగు అన్న మాట, ఆ ఖాళీ గడి. అదే క్షణంలో మా మేనేజరు టీకని బయటికొస్తూ మమ్మల్ని చూశాడు. నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. తేదీలు సరిచేసేవాడు తానే తప్పుడు తేదీలు వేసి వచ్చాడని ఇక్కడ పొక్కితే ఏమవుతుందోనన్న భయం ఒకటి. ఇంత నమ్మకంగా చూస్తున్న మనిషి ముందు చిన్నబోవాలేమోనన్న సిగ్గు ఇంకొకటి. "కంప్యూటర్ తనంతట తాను ఏం రాసుకోదు మామా, మీరేం చెప్పిన్రో అదే పడతది" అన్నాను.

ఆయన కాగితం మళ్ళీ మడతపెట్టాడు. "గంతేనంటవా? అయితే నేనే చెప్పిన్నేమోరా. సదువురానోన్ని, ఏమన్ననో ఏమో" అన్నాడు. నాకు పనికి ఆలస్యమవుతోందని తనే నొచ్చుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళి మిగిలిన ముప్పై మందికీ అదే చెప్పాడు. తప్పు మనదే, మనమే అట్ల చెప్పినమంట, మా అల్లుడు చెప్పిండు అని. మామ మాట మీద అక్కడ అందరికీ గురి. ఎవరూ యజమాని గది దాకా పోలేదు.

మామ ఆ తర్వాత శామీర్‌పేట రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ఈలలు ఊదుతూ, లోపలికొచ్చే కార్లకు సలాం కొడుతూ పదేళ్ళు నిలబడ్డాడు. ఒక పెళ్ళికి నేనూ కారులో వెళితే నాకూ సలాం కొట్టి, గుర్తుపట్టి, అరే నువ్వారా అని పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. మామకు ఒక్కతే కూతురు, నా మరదలు, నాకంటే బాగా చదివేది. బావలాగ కంప్యూటర్ నేర్చుకుంటానని పట్టుబట్టిన పిల్ల. మామ ఉద్యోగం పోయిన ఏడాదే ఇంటర్ మానేసి, జీడిమెట్లలోనే మాత్రల ప్యాకింగులో చేరింది. నన్ను ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు, అనడానికి ఆమెకు ఏమీ తెలియదు కదా.

నేను మాత్రం ఎదుగుతూనే వచ్చాను. కోబాల్ పాతబడిందన్నారు, ఇంకొక భాష నేర్చుకున్నాను. అదీ పోయింది, వెబ్‌సైట్లు వచ్చాయి, తర్వాత ఫోన్లలోకి ఎక్కాం, ఆ తర్వాత అంతా క్లౌడ్ అన్నారు, ఇప్పుడు మనమే అక్కరలేదంటున్నారు. కొత్తది వచ్చిన ప్రతిసారీ పాతదాన్ని చెత్తబుట్టలో వేసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది, ఆ కంప్యూటర్ ఏ పాత ఇనుప సామాన్ల బండికి ఎక్కిందో తెలియదు. నేను రాసిన ఆ ఒక్క వాక్యం మాత్రం చావలేదు. ఫ్యాక్టరీ కాగితంలోంచి రేషన్ కార్డులోకి, అందులోంచి ఓటరు కార్డులోకి, తర్వాత ఆధార్‌లోకి పాకి మామతో పాటే బతికింది.

కార్డులో ఉంది కాబట్టి మనవలు ప్రతి జనవరి ఒకటిన తాత పుట్టినరోజు చేయడం మొదలుపెట్టారు. కొత్త సంవత్సరం కేకే పుట్టినరోజు కేకు. ప్రతి ఏడూ నన్ను పిలిచేవాళ్ళు, నేనూ వెళ్ళి చప్పట్లు కొట్టేవాణ్ణి. మొదటి ముక్క నా నోట్లోనే పెట్టేవాడు మామ. పెట్టి, వచ్చినవాళ్ళందరికీ వినబడేలా, "మాసొంటోళ్ళకు పుట్టిన్రోజులెక్కడియి? మా అల్లుడే ఇచ్చిండు నాకు, కంప్యూటర్ల రాసి" అనేవాడు. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు చెబుదాం, పిల్లల ముందు కాదు, ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదాం అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. అదే తర్వాత.

మామ పోయిన చలికాలం పోయాడు, జనవరి ఒకటికి ఇంకా పది రోజులుండగానే. దశదిన కర్మకు కట్టే ఫ్లెక్సీ నమూనాను మరదలు నా ఫోనుకు పంపింది, బావా, నువ్వొకసారి అన్నీ చూడు, తప్పులుంటే మంచిగుండదు అని. మామ నవ్వుతున్న ఫోటో, పక్కన జననం, మరణం. జననం దగ్గర నా తేదీ. బయట కుర్చీలు వేస్తున్నారు, ఫ్లెక్సీ అబ్బాయి జల్దీ చెప్పమని తొందరపెడుతున్నాడట. సరిగ్గానే ఉందమ్మా అని రాసి పంపాను. అంటే ఆయన బతికుండగా ఒకసారి, పోయాక ఒకసారి, రెండుసార్లు అదే అబద్ధం చెప్పాను.

గాజులరామారం అమ్మాయికి ఫోన్ చేసి ఆ వాక్యం తీసేయమన్నాను. "ఖాళీగ వదిలేస్తే ఫారం ముందుకు పోదు కద సార్, ఏదో ఒకటి పడాలె" అంది. తెలియదు అని రాసుకునే వీలు పెట్టమ్మా, తెలుసుకోగలిగితే మనిషిని పంపి అడిగించమను అన్నాను. ఒక్క గడికి ఇంత పట్టుదలేమిటోనని ఆశ్చర్యపోయి ఉంటుంది. పాపం, ఆమెకు కిటికీ లేదు. ఆ కూలీలెవరో, వాళ్ళ ముఖాలెలా ఉంటాయో ఆమె ఎన్నటికీ చూడదు, ఆ యంత్రం అసలే చూడదు. నాకు కిటికీ ఉంది, అందులోంచి నన్ను చూసి మురిసిపోతున్న సొంత మేనమామ ఉన్నాడు, అడిగితే చెప్పే అమ్మమ్మ ఇంట్లో అన్నం పెడుతూ ఉంది. అన్నీ ఉండి నేను చేసిన పనినే, ఏమీ లేని ఇవాళ్టివాళ్ళు అంతకంటే వేగంగా చేస్తున్నారు. వాళ్ళననే మొహం నాకు లేదు.

మొన్న మరదలి ఇంటికి బయల్దేరాను, ఈసారైనా చెబుదామని. దారిలో, వెంచర్ల హద్దురాళ్ళ మధ్య ఇంకా మిగిలిన రెండు మడుల్లో ఆడవాళ్ళు నాట్లు వేస్తున్నారు. కారు పక్కన ఆపాను. మామ పుట్టింది ఈ రోజుల్లోనే కదా అనుకున్నాను. చెప్పి క్షమాపణ అడిగాక, కనీసం గోడ మీది ఫోటో కిందైనా అసలు తేదీ రాయిద్దామనుకున్నాను. బోనాలకు ముందో వెనకో, ఎన్ని రోజులకో గుర్తు తెచ్చుకోవాలని అమ్మమ్మలాగే వేళ్ళు మడిచి చూశాను. నూరుసార్లు విన్న మాటే, ఎంతకీ గుర్తు రాలేదు. అడుగుదామంటే ఇప్పుడు అమ్మమ్మ లేదు.