గుట్ట దిగడం నేర్పిన మామ

మామను గుట్ట చంపలేదు. సైకిల్ చంపలేదు. పోయిన వారం జనగామ దవాఖానలో నిమ్ము చేసి చనిపోయాడు. మంచం మీద, తన బిడ్డ చేయి పట్టుకుని. అయినా దినాలు కాకముందే మా ఊరి పెద్దమనుషులు "ముసలితనంల గుట్టల మీద సైకిల్ తొక్కి పాణం మీదికి తెచ్చుకున్నడు" అని ఊరంతా చాటారు. చాటి ఊరుకోలేదు. మేం సైకిళ్లు దింపే బాటకు అడ్డంగా తుమ్మకంప వేయించి, బండలు దొర్లించారు. చెప్పింది అబద్ధం. చేసింది అన్యాయం.

నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో వెల్డింగ్ షాపులో పనిచేస్తాను. మామ నాకు రక్తసంబంధం కాదు, వరసకు మామ. తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. తాటివనం గుట్టకు అవతల ఉంటుంది. పాత సైకిల్‌కు రెండు పక్కలా కల్లు లొట్టిలు కట్టుకుని, ఆ బాట మీదే గుట్ట దిగి ఊళ్లోకి వచ్చేవాడు. కుండ పగిలిందని గానీ, కల్లు ఒలికిందని గానీ ఎవరూ వినలేదు.

నాకు గుట్టల మీద సైకిల్ తొక్కే పిచ్చి ఫోన్‌లో వీడియోలు చూసి పట్టింది. ఎవరో వాడిన గేర్ల సైకిల్ ఒకటి కొన్నాను. లావు టైర్లు, ముందర స్ప్రింగులు, డిస్క్ బ్రేకులు. మా ఊళ్లో అందరం పాత సైకిళ్ల మీద నేర్చుకున్నవాళ్లమే. వాటికి రెండు బ్రేకులూ కలిపి బలంగా పిండితే గానీ బండి ఆగదు. ఆ చేతి అలవాటుతోనే కొత్త సైకిల్ మీద గుట్ట దిగాను. సగంలో భయమేసి రెండూ పిండాను. ముందు చక్రం అక్కడే ఆగింది. నేను ఆగలేదు.

కళ్లు తెరిచేసరికి చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని మామ నా మీదికి వంగి చూస్తున్నాడు.

"ఏందిరా అల్లుడా, సైకిల్‌ను ఈడనే ఇడిచిపెట్టి నువ్వొక్కనివే దిగుతున్నవ్?"

నాకు ఒళ్లు మండింది. ఆయనకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే నా మోచేతికి అంటుకున్న మట్టి తుడిచి, సైకిల్ లేపి, బ్రేకు నొక్కి చూశాడు.

"అబ్బో, గిది మన సైకిల్ లెక్క కాదు. చెప్పంగనే ఇంటది. ముందుదాన్ని ఒక్క ఏలుతోని పట్టు, సాలు. జర సీటు మీంచి లే. కూసుంటే రాయిరాయి నడుముకు తాకుతది. నిలబడితే మోకాళ్లు కాసుకుంటయి."

మర్నాటి నుంచే చదువు మొదలైంది. నా సైకిల్ వెనక నాతోనే క్యారేజీ బిగింపించాడు. దానికి మూత లేని లొట్టి కట్టి నిండా నీళ్లు పోశాడు. కిందికి పోయేసరికి నీళ్లు మిగలాలి. మొదటిసారి నా వీపు తడిసింది గానీ కుండలో చుక్క మిగల్లేదు.

"సైకిల్ తొక్కుమంటే గుట్టకు నీళ్లు పెడుతున్నవేందిరా!"

నన్ను చూసి ఊళ్లో ఇంకొందరు కుర్రాళ్లూ వచ్చి చేరారు. అదే మాకు పాఠం. మోచేతులు వదులుగా పెట్టుకోవాలి. బరువు వెనక్కి వేయాలి. చూపు కాలి ముందు కాదు, బాట ఎటు మలుపు తిరుగుతుందో అటు ఉండాలి. "రాయిని సూస్తే రాయి కాడికే పోతవు" అనేవాడు. ఎక్కేటప్పుడు పెద్ద గేరు వేసి గుంజుతుంటే కోప్పడేవాడు: "తాడిచెట్టెక్కేటోడు పెద్ద పెద్ద అంగలేస్తే నడిమిట్లనే ఊపిరి పోతది. చిన్నగ తొక్కు." ఇప్పుడు ఎవరు కొత్తగా వచ్చినా ముందు తేలిక గేరు, ఆ తర్వాత నీళ్ల లొట్టి. కుండలో సగం మిగిలించినవాళ్లకే లొట్టి లేకుండా దిగే హక్కు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. గుట్ట దిగిన ప్రతిసారీ వదులుగా ఉన్న రాయి ఒకటి తీసి పక్కకు వేసేవాడు. "నీ ఎనక వచ్చేటోడు కూడ మనిషే కదరా" అనేవాడు. అట్లా ఆయన ఏళ్లకేళ్లు ఏరి శుభ్రం చేసిన బాట మీదికి ఇప్పుడు బండలు దొర్లించారు.

అసలు కడుపుమంట ఎక్కడుందో నాకు తెలుసు. మామ బిడ్డ, మేమంతా అక్క అని పిలుస్తాం, ఊళ్లో బట్టలు కుడుతుంది. నిరుడు ఆమె కూడా లొట్టి కట్టుకుని దిగింది. ఆమె వెనక బడి పిల్లలు, ఆడపిల్లలు కూడా వచ్చారు. ఒక పెద్దమనిషి తాటివనానికే వచ్చి అడిగాడు: "పెండ్లయిన ఆడిదానికి గుట్టల్ల ఏం పని?"

మామ కల్లు వంపుతూనే జవాబిచ్చాడు: "దినాం గుట్ట దాటి నా కాడికొస్తున్నవ్, నీకేం పనని నేనెప్పుడన్న అడిగిన్నా పటేలా?"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు ఆ పెద్దమనిషి మరిచిపోలేదని ఇప్పుడు తెలిసింది.

కంప చూసిన రోజు దాన్ని గుంజి అవతల పారేద్దామని నేను కత్తి పట్టుకుని బయల్దేరాను. అక్క గడపలోనే ఆపింది.

"నువ్వు తీస్తే రేపు మల్ల ఏస్తరు తమ్మీ. ఏసినోళ్లే తియ్యాలె. అందరు సూడంగ తియ్యాలె."

"తియ్యకపోతే?"

"అడుగుదాం. బాపు ఎవలకన్న భయపడ్డడా?"

తండ్రి పోయిన మనిషి అట్లా మాట్లాడుతుంటే నేను కత్తి కింద పెట్టక ఏం చేస్తాను?

టేకుమట్ల నుంచి ఒకన్న ఫోన్ చేశాడు. వాళ్ల దగ్గర గుట్టలకు కొదవ లేదు, నేర్పేవాళ్లే లేరట. "మీ మామ నేర్పిన తీరుగనే మా పిల్లలకు నేర్పుతరా?" అన్నాడు. వస్తామన్నాం. ఈ ఆదివారం మరిపెడ నుంచి కొందరు ఆడపిల్లలు సైకిళ్లు బస్సు మీద వేసుకుని మా గుట్టకు వస్తున్నారు. అక్క వాళ్ల కోసం కొత్త లొట్టిలు తెచ్చి వాకిట్లో వరసగా బోర్లించింది. నేర్పేది ఆమే.

నిన్న వాన వెలిశాక గుట్ట దగ్గరికి పోయాను. కంప అట్లాగే ఉంది. పక్కన బండకూ కంపకూ మధ్య సన్నటి సందు. అందులోంచి ఎవరో సైకిల్‌ను భుజాన మోసుకుని దాటినట్టున్నారు. అవతల మెత్తటి ఎర్రమట్టిలో టైరు జాడ, ఎక్కడా జారకుండా, ఎక్కడా కాలు దించకుండా, కింద పొలాల దాకా పోయింది.

పెద్దమనుషులూ, శనివారం పొద్దుగూకేలోపు ఆ కంపా బండలూ తీయించండి. తీయించకపోతే, ఎందుకు తీయించరో ఆ పొద్దుగూకేలోపే పంచాయతీ ఆఫీసు ముందుకు వచ్చి, అక్క ముఖం చూసి చెప్పండి.